ఆఖరి పాట కూడా తేటగా: టర్న్‌టేబుల్ కార్ట్రిడ్జ్ అమర్చిన అనుభవం

రికార్డు సైడు మొదట్లో గొంతు తేటగా ఉంటుంది. సూది లోపలికి జరిగేకొద్దీ 'స', 'శ', 'చ' గరుకెక్కుతాయి. ఆఖరి పాటకి వచ్చేసరికి వయొలిన్లన్నీ కలిసి రేకు గీకినట్టు వినిపిస్తాయి. రికార్డు అరిగిపోయిందని చాలామంది అక్కడితో వదిలేస్తారు. అరిగినవి ఉంటాయి, కాదనను. కానీ కొత్త రికార్డు మీద కూడా అదే చోట అదే జరుగుతుంటే తప్పు రికార్డు గాడిలో కాదు, చాలాసార్లు సూది కూర్చున్న కోణంలో ఉంటుంది.

సూదిని పట్టుకుని దాని కదలికని విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పెట్టెే కార్ట్రిడ్జ్. చెన్నైలో మా ఇంట్లో టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే7 టర్న్‌టేబుల్ మీద ఆడియో-టెక్నికా వీఎం95ఎంఎల్ కార్ట్రిడ్జ్‌ని ఎలా అమర్చానో, ఏ అంకె దగ్గర ఎందుకు ఆగానో రాస్తున్నాను. వేరే డెక్కు ఉన్నవాళ్లకి అంకెలు మారతాయి గానీ క్రమం మారదు.

ముందు కారణం. ఎల్పీ, అంటే 12 అంగుళాల పెద్ద రికార్డు, నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. బయటి అంచున, అంటే కేంద్రం నుంచి 146 మి.మీ. దూరాన, గాడి సూది కింద సెకనుకు 51 సెం.మీ. పరుగెడుతుంది. 60 మి.మీ. దగ్గర అదే గాడి 21 సెం.మీ. మాత్రమే నడుస్తుంది. 8 కిలోహెర్ట్జ్ 'స' శబ్దం బయట 64 మైక్రాన్ల పొడవున పరుచుకుంటే లోపల 26 మైక్రాన్లలో ఇరుక్కుంటుంది. అందుకే ఒకే డిగ్రీ కోణం తప్పు లోపల రెండు రెట్లకు పైగా వినబడుతుంది. లెక్క చాలా తేలిక: కోణం తప్పును వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేదే డిస్టార్షన్, అంటే స్వరం చెడడం, కొలత.

రికార్డు కోసే యంత్రంలో తల సరళరేఖలో కేంద్రం వైపు జరుగుతుంది. మన ఆర్మ్, అంటే కార్ట్రిడ్జ్‌ని మోసే చేయి, ఒక మేకు చుట్టూ తిరుగుతుంది కాబట్టి చాపంలోనే జరుగుతుంది. ఆ తేడాని తగ్గించడానికే హెడ్‌షెల్‌ని, అంటే ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్ బిగించే తలని, లోపలికి వంచుతారు, సూదిని స్పిండిల్ (రికార్డు మధ్య రంధ్రంలో దూరే కడ్డీ) దాటి కొంచెం ముందుకు ఉంచుతారు. ఆ ముందుకు ఉన్న కొలతే ఓవర్‌హ్యాంగ్. రెండూ సరిగ్గా కుదిరితే రికార్డు మీద రెండు చోట్ల కోణం తప్పు సున్నా అవుతుంది. ఆ రెండు చోట్లని నల్ పాయింట్లు అంటారు. ఎక్కడ ఉండాలో లోఫ్‌గ్రెన్ 1938లో, బేర్వాల్డ్ 1941లో, స్టీవెన్సన్ 1966లో లెక్క కట్టారు. అరలో ఏ రికార్డులు ఉన్నాయో చూసుకోకుండా వీటిలో ఒకదాన్ని ఎంచుకుంటే మిగతా శ్రమంతా సగం వృథా.

తెలుగు ఇళ్లలో ఎల్పీలతో పాటు 7 అంగుళాల ఈపీలు ఎక్కువ. 45 చుట్ల వేగం మీద సైడుకి రెండేసి సినిమా పాటలు పట్టించినవి. ఆ రెండో పాట లేబుల్ దాకా పోతుంది. ఎల్పీ లెక్కలకి వాడే లోపలి హద్దు 60.3 మి.మీ. అయితే, 7 అంగుళాల రికార్డుకి ఆ హద్దు 54 మి.మీ. దాకా వెళ్తుంది. ప్రొట్రాక్టర్ (సూది కోణం సరిచూసే గీతల పటం) కొనకముందే స్కేలు తీసుకుని, స్పిండిల్ రంధ్రం మధ్య నుంచి ఆఖరి పాట ముగిసే గాడి దాకా మీ పది పదిహేను రికార్డులు కొలిచి చూడండి. ఐదు నిమిషాల పని. ఎక్కువ మంది చేయనిది కూడా ఇదే.

టెక్నిక్స్ ఆర్మ్‌లో మేకు నుంచి స్పిండిల్‌కి 215 మి.మీ. కంపెనీ చెప్పే ఓవర్‌హ్యాంగ్ 15 మి.మీ., హెడ్‌షెల్ వంపు 22 డిగ్రీలు. దీనికి నల్ పాయింట్లు 58.8, 113.5 మి.మీ. దగ్గర పడతాయి. అందరూ మెచ్చుకునే బేర్వాల్డ్ అమరికలో అవి 66, 120.9. దానికి ఓవర్‌హ్యాంగ్ 17.8 కావాలి, వంపు 23.7 డిగ్రీలు కావాలి. స్టీవెన్సన్‌లో 60.3, 117.4, ఓవర్‌హ్యాంగ్ 15.9, వంపు 22.6.

సెకనుకు 10 సెం.మీ. వేగంతో కోసిన స్వరానికి ఈ మూడింటి డిస్టార్షన్ లెక్క కట్టి చూశాను. ఎల్పీ మీద బేర్వాల్డ్ ఎక్కడా సుమారు 0.65 శాతం దాటదు. స్టీవెన్సన్ 0.8 లోపే ఉంటుంది. కంపెనీ అమరిక బయటి అంచున 0.9 దాకా పోతుంది. ఇంతవరకు బేర్వాల్డ్‌దే గెలుపు. కానీ ఈపీ చివర, 54 మి.మీ. దగ్గర, బేర్వాల్డ్ 2 డిగ్రీలు తప్పి 1.4 శాతానికి ఎగబాకుతుంది. అక్కడ స్టీవెన్సన్ 0.7, కంపెనీ అమరిక 0.5. 54 నుంచి 146 మి.మీ. దాకా మొత్తాన్ని ఒకే రికార్డు అనుకుని బేర్వాల్డ్ సూత్రంలోనే వేస్తే నల్ పాయింట్లు 59.5, 116.9 వస్తాయి. అంటే స్టీవెన్సన్‌కి వెంట్రుకవాసి దూరం. ఎల్పీలు, ఈపీలు కలిపి వినే ఇంటికి నేను స్టీవెన్సనే వేస్తాను. ఎల్పీలు మాత్రమే వినేవాళ్లు, అందులోనూ సంగీత కచేరీల ఎల్పీలు ఎక్కువగా వినేవాళ్లు, బేర్వాల్డ్ పెట్టుకోవడం న్యాయం.

ఇక పని. ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. చెన్నైలో ఇది కష్టమే, కానీ తేలుతున్న ఆర్మ్‌ని ఫ్యాను గాలి ఊపేస్తుంటే ఏ అంకె నిలవదు, 0.01 గ్రా. చూపే తూకం అసలే నిలవదు. తర్వాత ప్లాటర్ మీద, అంటే రికార్డు తిరిగే పళ్లెం మీద, నీటి బుడగ లెవెల్ రెండు దిక్కుల్లో పెట్టి పాదాలు తిప్పి సమం చేశాను. ఇక్కడ తప్పితే చివర యాంటీ-స్కేటింగ్ (ఆర్మ్ లోపలికి లాగుకుపోకుండా ఆపే సర్దుబాటు) దగ్గర ఎంత పట్టినా లెక్క తేలదు.

హెడ్‌షెల్ ఆర్మ్ నుంచి విప్పి, కార్ట్రిడ్జ్ నుంచి సూది భాగాన్ని కూడా తీసి, పక్కన డబ్బాలో పెట్టాను. వీఎం95లో ఇది సులువుగా ఊడివస్తుంది. స్క్రూడ్రైవర్ జారితే పోయేది సూదిని మోసే సన్నని గొట్టం, కాంటిలీవరే కాబట్టి మొదటి సగం పని సూది లేకుండానే చేయాలి. తీగల రంగులు: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. పిన్నుల్లోకి చిన్న ట్వీజర్‌తో తోయాలి. క్లిప్పు వదులైతే టూత్‌పిక్ కొస చుట్టూ పెట్టి మెల్లిగా నొక్కితే బిగుస్తుంది. కార్ట్రిడ్జ్‌కి తగిలించి ఉండగా తీగలకి సోల్డరింగ్ మాత్రం వద్దు, వేడికి లోపలి చుట్ట తీగ తెగిపోతుంది.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో హెడ్‌షెల్ వెనక నాలుగు పిన్నులు నల్లబడతాయి. ఒక ఛానెల్ సన్నగా వినిపిస్తే సూది వాలిందేమోనని వెతికే ముందు ఈ పిన్నుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. చెమట చేత్తో వాటిని ముట్టుకోవద్దు.

ఇలా రెండు స్క్రూలతో బిగించే కార్ట్రిడ్జ్‌లకి స్క్రూల మధ్య దూరం 12.7 మి.మీ. వీఎం95 బాడీలోనే మర ఉంది, నట్లు అక్కర్లేదు. దాంతో వచ్చిన స్క్రూలే వాడాలి. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే దగ్గర కొలత స్క్రూ బలవంతంగా దిగుతుంది గానీ మరని కొరికేస్తుంది. ఈ దశలో రెండు స్క్రూలూ కార్ట్రిడ్జ్ వేలితో తోస్తే కదిలేంత, వదిలేస్తే నిలిచేంత మాత్రమే బిగించాలి.

హెడ్‌షెల్ తిరిగి తగిలించి, సూది పెట్టి, యాంటీ-స్కేటింగ్ సున్నాలో ఉంచి, వెనక బరువు తిప్పి ఆర్మ్ సమంగా తేలేలా చేశాను. అక్కడ అంకెల రింగుని మాత్రం సున్నాకి తిప్పి, తర్వాత మొత్తం బరువుని 2 దాకా తిప్పాలి. రింగు మీది అంకె దారి చూపడానికే, నమ్మాల్సింది తూకాన్ని. తూకం పళ్లెం రికార్డు ఉపరితలం ఎత్తులోనే ఉండాలి, లేకపోతే ఆర్మ్ లేచిన కోణం వల్ల అంకె మారుతుంది. మ్యాట్ తీసేసి తూకం కింద సరిపడా అట్టముక్కలు పెట్టి ఎత్తు కుదిర్చాను. నగల తూకాలు చౌకగానే వస్తాయి, కానీ పళ్లెం ఇనుముదైతే కార్ట్రిడ్జ్ అయస్కాంతం దాన్ని లాగి తప్పు అంకె చూపిస్తుంది. ముందు చిన్న అయస్కాంతం ఆనించి చూసుకోండి.

ఈ కార్ట్రిడ్జ్‌కి కంపెనీ చెప్పే హద్దు 1.8 నుంచి 2.2 గ్రా. నేను 2.0 దగ్గర ఉంచాను. రికార్డు అరగకూడదని 1.5కి దించేవాళ్లని చూస్తే బాధేస్తుంది. బరువు చాలని సూది గట్టి స్వరం దగ్గర గాడి గోడని వదిలి ఎగిరి మళ్లీ పడుతుంది. ఆ దెబ్బలే గాడిని పాడుచేస్తాయి.

కాగితం ప్రొట్రాక్టర్ నేనే గీసుకున్నాను. స్పిండిల్ కేంద్రం నుంచి ఒక గీత, దాని మీద 60.3, 117.4 మి.మీ. దగ్గర చుక్కలు, ప్రతి చుక్క దగ్గర ఆ గీతకి లంబంగా దగ్గర దగ్గరగా గీతల వల. ప్రింటు తీస్తే పేజీకి సరిపడేలా కుదించే ఎంపిక ఆపి, 100 మి.మీ. గీత ఒకటి కూడా పెట్టి స్టీలు స్కేలుతో కొలవాలి. 99 వస్తే కాగితం చెత్తబుట్టలోకే. స్పిండిల్ రంధ్రం బ్లేడుతో కోసేటప్పుడు వదులు కాకూడదు. అర మిల్లీమీటరు ఆట ఉన్నా చేసిన లెక్కంతా పోతుంది.

సూదిని ముందు బయటి చుక్క మీద దించాను. ప్రొట్రాక్టర్‌ని తిప్పి చుక్కని సూది కొస కిందికి తేవాలి గానీ ఆర్మ్‌ని నెట్టకూడదు. తర్వాత ఎదురుగా కూర్చుని కాంటిలీవర్, అంటే సూదిని మోసే ఆ సన్నని అల్యూమినియం గొట్టం, వల గీతలకి సమాంతరంగా ఉందో లేదో చూడాలి. కార్ట్రిడ్జ్ బాడీ అంచుని చూసి సర్దితే సరిపోదు. బాడీలో కాంటిలీవర్ ఒకటి రెండు డిగ్రీలు పక్కకి ఉన్న నమూనాలు ఉంటాయి, శబ్దం పుట్టేది కాంటిలీవర్ నుంచే. ఒక కన్ను మూసి, ఫోన్ కెమెరా పెద్దది చేసి, వెలుతురు వెనక నుంచి పడేలా పెట్టుకుంటే పని తేలికవుతుంది.

బయటి చుక్క దగ్గర కుదిరాక లోపలి చుక్కకి వెళ్లాలి. అసలు తప్పు బయటపడేది ఇక్కడే. కాంటిలీవర్ ముందు కొస స్పిండిల్‌కి దూరంగా, బయటికి చూస్తుంటే కార్ట్రిడ్జ్ ముందుకు ఎక్కువ జరిగింది, వెనక్కి లాగాలి. స్పిండిల్ వైపు చూస్తుంటే ముందుకు తొయ్యాలి. ఓవర్‌హ్యాంగ్ 1 మి.మీ. తప్పితే, బయట సరిచేసిన తర్వాత కూడా లోపల సుమారు అర డిగ్రీ మిగిలిపోతుంది. లోపల సర్దగానే బయట మళ్లీ తప్పుతుంది. అటూ ఇటూ ఐదారు సార్లు తిరగాలి. ప్రతి తిరుగుడుకీ తప్పు సగమవుతూ పోవాలి. పెరుగుతుంటే మీరు ఎదురు దిక్కున సర్దుతున్నారన్నమాట.

కార్ట్రిడ్జ్ హెడ్‌షెల్‌కి సమాంతరంగా లేకుండా కొంచెం లోపలికి మెలితిరిగి కనిపిస్తుంది. స్టీవెన్సన్‌కి ఆ మెలిక అర డిగ్రీ పైచిలుకు, బేర్వాల్డ్‌కి 1.7 డిగ్రీలు. కంటికి వంకరగా ఉందని నిటారుగా సర్దేసేవాళ్లు ఉంటారు. హెడ్‌షెల్ వంపు 22 డిగ్రీలకి స్థిరం కాబట్టి ఆ వంకరే సరైనది.

స్క్రూలు బిగించేటప్పుడు ఒకటి పావు చుట్టు, రెండోది పావు చుట్టు, ఇలా మార్చి మార్చి తిప్పాలి. ఒకదాన్ని ఒకేసారి బిగిస్తే కార్ట్రిడ్జ్ దాని వైపు తిరుగుతుంది, ఇంతసేపు పడ్డ శ్రమ పోతుంది. బిగించాక రెండు చుక్కలూ మళ్లీ చూడండి, బరువు మళ్లీ తూచండి. 6.1 గ్రా. కార్ట్రిడ్జ్ 3 మి.మీ. ముందుకు జరిగితే సూది బరువు 0.08 గ్రా. పెరుగుతుంది.

ఆర్మ్ ఎత్తు గురించి ఎక్కువ చెప్పను. 230 మి.మీ. ఆర్మ్‌లో 1 డిగ్రీ మారడానికి వెనక 4 మి.మీ. ఎత్తాలి. టెక్నిక్స్ రింగులో ఉన్నదే 6 మి.మీ. రికార్డు మీద సూది ఉండగా ఆర్మ్ గొట్టం రికార్డుకి సమాంతరంగా పెట్టి వదిలేశాను. పలచటి రికార్డుకీ, 180 గ్రా. మందపాటి రికార్డుకీ తేడా ఒక మిల్లీమీటరు లోపే, అంటే పావు డిగ్రీ కూడా కాదు. రికార్డు మార్చినప్పుడల్లా ఎత్తు మార్చడం అనవసరం. వెనక భాగం బాగా కిందికి దిగితే మాత్రం సూది నిలువు కోణం తప్పి పైస్థాయి స్వరాలు మసకబారతాయి. ఎత్తు మారిస్తే బరువు, ఓవర్‌హ్యాంగ్ రెండూ మళ్లీ చూసుకోవాలి.

సూది ఎదురు నుంచి చూస్తే నిటారుగా నిలబడిందా అన్నది తర్వాత. చిన్న అద్దం ముక్క మీద సూది దించి, బింబంతో కలిపి చూస్తే వాలితే తెలుస్తుంది. కచ్చితంగా కావాలంటే టెస్ట్ రికార్డులో, అంటే పరీక్ష స్వరాలు కోసిన రికార్డులో, ఎడమ ఛానెల్ మాత్రమే ఉన్న 1 కిలోహెర్ట్జ్ ట్రాకు కంప్యూటర్‌లోకి ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేసి కుడిలోకి ఎంత కారిందో చూడాలి, తర్వాత తిరగేసి. రెండు వైపులా అంకెలు దగ్గరగా ఉంటే చాలు. 1 డిగ్రీ వాలు వల్ల కారేది అసలు స్వరం కంటే 35 డెసిబెల్‌లు కింద ఉంటుంది, కార్ట్రిడ్జ్ స్వతహాగా కారేదానికంటే తక్కువ. 3 డిగ్రీలు వాలితే ఆ తేడా సుమారు 25 డెసిబెల్‌లకి తగ్గుతుంది, అప్పుడు పట్టించుకోవాలి. కంపెనీ హెడ్‌షెల్‌లో వాలు సరిచేసే ఏర్పాటు లేదు. నిజంగా అవసరమైతే కార్ట్రిడ్జ్‌కి, హెడ్‌షెల్‌కి మధ్య ఒక పక్క పలచటి ప్లాస్టిక్ రేకు పెట్టాలి.

యాంటీ-స్కేటింగ్ ఆఖరుది. హెడ్‌షెల్ వంపు, ఓవర్‌హ్యాంగ్ వల్ల సూది రాపిడి ఆర్మ్‌ని లోపలికి లాగుతుంది. అప్పుడు లోపలి గోడ మీద, అంటే ఎడమ ఛానెల్ మీద, బరువు ఎక్కువై, బయటి గోడ, అంటే కుడి ఛానెల్, పట్టు వదులుతుంది. గాడి లేని నున్నని రికార్డు మీద సూది నిలిచేలా సర్దడం పాత చిట్కా. నేను దాన్ని నమ్మను, గాడిలో ఉన్న రాపిడి అక్కడ లేదు. టెస్ట్ రికార్డులో అంచెలంచెలుగా గట్టిపడే 300 హెర్ట్జ్ ట్రాకు పెట్టి, ఏ చెవిలో ముందు బరబర మొదలైందో వినాలి. కుడిలో ముందు వస్తే యాంటీ-స్కేటింగ్ పెంచాలి, ఎడమలో వస్తే తగ్గించాలి. రెండింట్లో ఒకేసారి విరిగే చోట ఆగాలి. నా డయల్ 2 దగ్గర కాదు, 1.5 దగ్గర ఆగింది. డయల్ మీది అంకె సూది బరువుతో సమానంగా ఉండి తీరాలన్న నియమం లేదు.

ఇంత చేశాక కూడా 'స' గీరుకుంటే మూడు చోట్ల వెతకాలి. మొదటిది సూది ఆకారం. గోళాకార సూది కొస 15 నుంచి 18 మైక్రాన్లు. 26 మైక్రాన్ల అలలో అది మలుపు దాకా దిగలేదు. మామూలు దీర్ఘవృత్తాకార సూదికి పక్క అంచు 8 మైక్రాన్లు, నా వీఎం95ఎంఎల్‌లో ఉన్న ఎంఎల్ (మైక్రోలీనియర్) సూదికి 3. ఏ ప్రొట్రాక్టర్ కూడా గోళాకార సూదిని ఆ మలుపులోకి దించలేదు. కానీ అంచు ఎంత సన్ననైతే కోణం తప్పుని అంత తక్కువ సహిస్తుంది, కాబట్టి ఖరీదైన సూది పెట్టి అమరిక వదిలేస్తే డబ్బు దండగ.

రెండోది కేబుల్. ఈ కార్ట్రిడ్జ్ లోపలి ఇండక్టెన్స్ 550 మిల్లీహెన్రీలు, కంపెనీ కోరే కెపాసిటెన్స్ 100 నుంచి 200 పికోఫారడ్లు. కేబుల్, ఫోనో ప్రీఆంప్ (కార్ట్రిడ్జ్ సన్నని సంకేతాన్ని పెంచే పెట్టె) కలిపి 200 ఉంటే రెజొనెన్స్, అంటే స్వరం ఉబ్బే చోటు, 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. పొడవాటి చవక కేబుల్‌తో 400 అయితే అది 10.7కి దిగుతుంది, సరిగ్గా ఊష్మాక్షరాల పైభాగాన్ని ఎత్తి చూపిస్తుంది. దాన్ని డిస్టార్షన్ అని పొరబడి అమరికని పదిసార్లు సర్దుతారు. కేబుల్ కురచది వేయండి, ప్రీఆంప్‌లో స్విచ్ ఉంటే తక్కువ విలువకి తిప్పండి.

మూడోది గాడే. వానాకాలం తర్వాత చెన్నై రికార్డుల మీద బూజు పడుతుంది. బ్యాటరీలకి అమ్మే డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దిగా ఐసోప్రొపైల్ కలిపి కడిగాకే తీర్పు చెప్పాలి. లక్కతో చేసిన 78 రికార్డుల మీద ఆల్కహాల్ పడకూడదు, కరిగిపోతుంది. కడిగినా ఒక రికార్డు మీద బరబర ఉండి, అదే వ్యాసార్ధం దగ్గర మరో రికార్డు తేటగా ఉంటే ఆ గాడి పాత రేడియోగ్రామ్ బరువు సూదికి బలైపోయిందని అర్థం. మోనో రికార్డైతే ఎడమ ఒక్కటీ, కుడి ఒక్కటీ విడిగా విని చూడండి. రెండు గోడల్లో ఒకటి తరచూ తక్కువ అరిగి ఉంటుంది, దాన్నే రెండు స్పీకర్లకీ పంపితే ఘంటసాల గొంతు మళ్లీ గుండ్రంగా వస్తుంది.

ఫలితాన్ని చెవితోనే కాక కంటితో కూడా చూడాలంటే, టెస్ట్ రికార్డులో లోపలి వైపు ఉన్న 1 కిలోహెర్ట్జ్ ట్రాకు రికార్డు చేసి స్పెక్ట్రమ్ తీయండి. కోణం తప్పు 2 కిలోహెర్ట్జ్ దగ్గర గీతగా లేస్తుంది. అసలు స్వరం కంటే అది 40 డెసిబెల్ కింద ఉంటే 1 శాతం, 46 కింద ఉంటే అర శాతం. 3 కిలోహెర్ట్జ్ గీత ఎక్కువగా ఉంటే కోణం వదిలి బరువు, యాంటీ-స్కేటింగ్ చూడండి. సూది గాడిని వదులుతోంది. రికార్డు కోతలోనే కొంత డిస్టార్షన్ ఉంటుంది కాబట్టి అంకె ఎంత అన్నదానికంటే సర్దకముందుకీ, సర్దాకకీ తేడా ఎంత అన్నది చూడాలి.

వారం వాడాక స్క్రూలు, బరువు ఒకసారి మళ్లీ చూశాను. ఏసీ గదిలో అమర్చి, ఏసీ లేకుండా వినేవాళ్లయితే వినే వేడిలోనే బరువు, ఎత్తు సరిచూసుకోవాలి, కాంటిలీవర్‌ని పట్టుకున్న రబ్బరు వేడికి మెత్తబడుతుంది. అరిగిన మోనో ఈపీల కోసం గోళాకార సూది ఉన్న రెండో కార్ట్రిడ్జ్‌ని విడి హెడ్‌షెల్‌లో ఇదే ప్రొట్రాక్టర్ మీద అమర్చి పెట్టుకున్నాను. మార్చినప్పుడు ఓవర్‌హ్యాంగ్ మళ్లీ చూడక్కర్లేదు, తూకం, యాంటీ-స్కేటింగ్, ఎత్తు చాలు. ఒక్కో హెడ్‌షెల్‌కి ఈ మూడు అంకెలూ చీటీ మీద రాసి డెక్కు మూత లోపల అంటించాను.